ఒసాకా నుంచి ఒక్క రోజులో నారా: టాక్సీలో పైకి, నడకలో కిందికి

మీరు అడిగింది ఇదీ: అక్టోబరు చివరి వారంలో ఒసాకా వస్తున్నారు, నంబా దగ్గర బస. ఒక్క రోజే ఖాళీ. వెంట అమ్మానాన్నలు, ఏడేళ్ల పాప ఉంటారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అందరూ శాకాహారులు. ఆ ఒక్క రోజులో పొద్దున క్యోటో, మధ్యాహ్నం నారా చూడటం కుదురుతుందా, లేదంటే నారాతో పాటు దగ్గర్లోని హోర్యూజీ అనే పాత బౌద్ధ ఆలయం అయినా కలుపుకోవచ్చా అని.

రెండూ వద్దు. నారా ఒక్కటే పెట్టుకోండి. నేను పదకొండేళ్లుగా ఒసాకాలో ఉంటున్నాను. ఊరి నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ నారా తీసుకెళ్తాను. మొదట్లో నేనూ మీలాగే ఒక రోజులో రెండు ఊళ్లు కుక్కేవాణ్ణి. పెద్దవాళ్లకు రైళ్లు మారడం, స్టేషన్లలో మెట్లెక్కడం తప్ప ఏమీ గుర్తుండేది కాదు. క్యోటోలో గుళ్లు ఊరంతా విడివిడిగా ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సు పట్టుకోవాల్సిందే. నారాలో ముఖ్యమైనవన్నీ ఒకే పెద్ద పార్కులో, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఇంత వీలైన పాత రాజధాని జపాన్‌లో ఇంకోటి లేదు. హోర్యూజీ సంగతి చివర్లో చెప్తాను.

ముందు రైలు. నంబాలో ఉంటే ఆలోచించక్కర్లేదు, కింతెత్సు లైన్ పట్టుకోండి. ఒసాకా-నంబా స్టేషన్ నుంచి రాపిడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నలభై నిమిషాల్లో కింతెత్సు నారాలో దిగుతారు. మారే పని లేదు, ఛార్జీ మనిషికి 700 యెన్లకు అటూ ఇటూ, పాపకు సగం. ముందే డబ్బు వేసుకునే ఇకోకా ప్రయాణ కార్డు ఉంటే టికెట్ కొనే గొడవే ఉండదు. జపాన్ రైల్ పాస్ ఈ లైన్‌లో చెల్లదు. ఆ పాస్ ఉంది కదా అని కొందరు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో వెళ్తారు. జేఆర్ నారా స్టేషన్ నుంచి పార్కుకు ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ నడవాలి. నాన్నగారి మోకాళ్లు ఆ పదిహేను నిమిషాలు గుడి దగ్గర వాడుకోవాలి, స్టేషన్ రోడ్డు మీద కాదు.

రైల్లో ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. యమాతో-సైదాయ్‌జీ స్టేషన్ దాటగానే బండి ఒక పెద్ద ఖాళీ మైదానం మధ్యలోంచి పోతుంది. 710 నుంచి 784 దాకా, నడుమ కొద్ది ఏళ్లు తప్ప, జపాన్‌కు రాజధానిగా ఉన్న హేయ్‌జో నగరంలో రాజభవనం ఉన్న స్థలం అది. కుడివైపు కిటికీలోంచి ఎర్రటి స్తంభాల సుజాకు ద్వారం, ఎడమవైపు దూరంగా కొలువు మండపం కనిపిస్తాయి. రెండూ ఈ మధ్య తిరిగి కట్టినవే. దిగి చూడక్కర్లేదు. కానీ పాపకు చూపించి, ఒకప్పుడు ఇక్కడో మహానగరం ఉండేదని చెప్పండి. తర్వాత చూడబోయే గుళ్లన్నీ ఆ నగరానికి తూర్పు అంచున ఉన్నవి.

ఇప్పుడు అసలు సలహా. స్టేషన్‌లో దిగిన జనమంతా ఏం చేస్తారంటే, ఎదురుగా ఉన్న కొఫుకుజీ గుడితో మొదలుపెట్టి, జింకలతో గంట గడిపి, పెద్ద బుద్ధుడి గుడి తోదాయ్‌జీకి వెళ్లి, అక్కణ్ణుంచి ఎగువకు ఎక్కి, చివరికి కసుగా గుడి చేరేసరికి చతికిలపడతారు. పార్కు నేల స్టేషన్ నుంచి తూర్పు కొండల వైపు మెల్లగా ఎత్తవుతూ పోతుంది. మ్యాపులో అది తెలియదు, మోకాళ్లకు తెలుస్తుంది. మీరు తిరగేసి చేయండి. స్టేషన్ దగ్గర టాక్సీ ఎక్కి, ఫోన్‌లో జపనీ అక్షరాల్లో కసుగా తైషా పేరు చూపించి, ప్రధాన ఆలయం దగ్గరి బస్‌స్టాప్ దాకా వెళ్లండి. నలుగురు ఉన్నారు కనక పంచుకుంటే భారం కాదు. అక్కణ్ణుంచి రోజంతా మెల్లగా దిగుతూ స్టేషన్‌కు చేరతారు. ఎనిమిదింటికి నంబాలో రైలెక్కితే తొమ్మిదికల్లా కసుగాలో ఉంటారు.

కసుగా తైషా జపాన్ సొంత మతమైన షింతో ఆలయం, బౌద్ధ ఆలయం కాదు. 768లో వెలసింది, ఆనాటి రాజకీయాన్ని శాసించిన ఫుజివారా వంశం వారి ఇలవేల్పుల గుడి. దారి పొడవునా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, లోపల చూరులకు వేలాడే కంచు దీపాలు, అన్నీ కలిపి మూడు వేల దాకా ఉంటాయి. శతాబ్దాలుగా భక్తులు మొక్కుకుని ఇచ్చినవి. ఏడాదిలో ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మాత్రమే అన్నీ వెలిగిస్తారు. మీకు ఆ భాగ్యం లేదు కానీ, లోపలి ప్రాకారానికి టికెట్ తీసుకుంటే చీకటిగది ఒకటి ఉంది, అందులో కొన్ని కంచు దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉంటాయి. కార్తీకమాసంలో ఆకాశదీపం చూసి పెరిగిన వాళ్లు ఆ గదిలోంచి త్వరగా బయటికి రారు. మా అమ్మ అక్కడే చేతులు జోడించి నిలబడిపోయింది. గుడి వెనక కొండ మీది అడవిలో 841 నుంచి వేట, చెట్లు కొట్టడం నిషేధం. ఊరికి ఆనుకుని పన్నెండు వందల ఏళ్లుగా గొడ్డలి పడని అడవి ఉండటమే ఒక వింత.

దణ్ణం పెట్టే పద్ధతి ఇక్కడ వేరు. ముందు తొట్టెలో నీళ్లతో చేతులు కడుక్కోవాలి. దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు చరిచి, మళ్లీ ఒకసారి వంగుతారు. తర్వాత చూసే బౌద్ధ ఆలయాల్లో చప్పట్లు కొట్టకూడదు, మనలాగే చేతులు జోడిస్తే చాలు. పాపకు ముందే చెప్పి ఉంచండి, పిల్లలకు ఇలాంటివి బాగా నచ్చుతాయి.

జింకల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు వచ్చేది అక్టోబరులో. కసుగా దేవుడు తెల్ల జింక నెక్కి వచ్చాడని ఇక్కడి నమ్మకం. అందుకే వాటికి ఎవరూ హాని చేయరు. ఇప్పుడు పార్కులో వెయ్యికి పైగా ఉన్నాయి. పెంపుడువి కావు, అడవి జంతువులే. శరదృతువు వాటికి జతకట్టే కాలం, మగ జింకలు చిరాకుగా ఉంటాయి. ప్రమాదం తగ్గించడానికి 17వ శతాబ్దం నుంచీ ఈ రోజుల్లోనే కొమ్ములు కోసే ఆచారం ఉంది, అయినా అన్నిటికీ కోయరు. పాపను కొమ్మున్న జింక దగ్గరికి పోనివ్వద్దు. బిస్కెట్లు పార్కులో అమ్మేవే పెట్టాలి. తవుడు, గోధుమపిండితో చేస్తారు, చక్కెర ఉండదు. కొన్నాక చేతిలో పట్టుకుని ఆటపట్టించొద్దు. అవి తల వంచి నమస్కారం చేస్తున్నట్టు ఉంటుంది, అది ఆత్రం. రెండుసార్లు తల వంచాక కూడా పెట్టకపోతే కొరుకుతాయి. ఒకటొకటిగా చకచకా పెట్టేసి, ఖాళీ అరచేతులు రెండూ తెరిచి చూపిస్తే వెళ్లిపోతాయి. మా అత్తయ్య చీర కొంగును ఒక జింక నోట కరిచి వదల్లేదు, సగం కొంగు నమిలేసింది. అమ్మగారు చీరలో వస్తే కొంగు నడుముకు దోపుకోమనండి. చేతిలో కాగితం మ్యాపు, ప్లాస్టిక్ సంచి కనపడనివ్వద్దు. ప్లాస్టిక్ మింగి చచ్చిపోయిన జింకల కడుపుల్లో కిలోల కొద్దీ సంచులు దొరికాయి. పార్కులో చెత్తబుట్టలు దాదాపు కనిపించకపోవడానికి కారణం కూడా జింకలు చెత్త తినకూడదనే. ఒక సంచి వెంట పెట్టుకుని మీ చెత్త మీరే ఒసాకా తెచ్చుకోండి.

కసుగా నుంచి వకకుసా కొండ పాదం పక్కగా ఉత్తరానికి నడిస్తే ఇరవై ఇరవై అయిదు నిమిషాల్లో నిగత్సుదో అనే బౌద్ధ మండపం వస్తుంది. ఇక్కడ ఒక వరస మెట్లెక్కాలి. మొత్తం రోజులో నాన్నగారికి కష్టమయ్యేది ఇదొక్కటే, మెల్లగా ఎక్కనివ్వండి. టికెట్ లేదు. కొండ చరియకు ఆనుకుని చెక్క స్తంభాల మీద నిలబడ్డ మండపం అది. దాని వసారాలో నిలబడితే తోదాయ్‌జీ పెద్ద కప్పు, ఊరు, ఆవలి కొండలు అన్నీ కింద పరుచుకుని ఉంటాయి. 752 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పకుండా మార్చి మొదటి రెండు వారాలు ఇక్కడ భిక్షువులు వ్రతం చేస్తారు, రాత్రిళ్లు వాళ్ల సహాయకులు ఆ వసారాలోనే పెద్ద పెద్ద కాగడాలు పట్టుకుని పరిగెడతారు. పక్కనే యాత్రికుల విశ్రాంతి గది ఉంది, టీ ఉచితం. తాగాక కప్పు మీరే కడిగి పెట్టాలి. అరగంట కూర్చోండి. నాకు నారాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

అక్కణ్ణుంచి కిందికి దిగే దారి రెండు రకాలు. వెనకవైపు మట్టిగోడల మధ్యగా రాళ్లు పరిచిన సందు ఒకటి ఉంది, అందులోంచి దిగండి. జనం తక్కువ. దిగితే తోదాయ్‌జీ.

ఇక్కడ ఆగి చదవండి, ఎందుకంటే ఈ గుడి మనకు పరాయిది కాదు. 735 మొదలుకుని రెండు మూడేళ్లు జపాన్‌ను మశూచి ఊడ్చేసింది. కరువు, తిరుగుబాటు కూడా తోడయ్యాయి. షోము చక్రవర్తి దేశాన్ని కాపాడమని ఒక మహాబుద్ధుణ్ణి పోతపోయాలని 743లో ఆజ్ఞ ఇచ్చాడు. ఒక గడ్డిపరకో, గుప్పెడు మట్టో తెచ్చి చేయి వేయాలనుకున్నవాళ్లను కూడా కలుపుకోండని ఆ ఆజ్ఞలోనే ఉంది. గ్యోకి అనే భిక్షువు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. విగ్రహాన్ని కింది నుంచి పైకి ఎనిమిది దశల్లో పోతపోశారు. పూతకు బంగారం చాలదనుకుంటున్న వేళ 749లో ఉత్తరాన బంగారం దొరికింది.

752లో ప్రతిష్ఠ. మన ఆలయాల్లో విగ్రహానికి కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం ఉంది కదా, సరిగ్గా అదే. ఆ కళ్లు దిద్దినవాడు బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు. చైనా మీదుగా 736లో జపాన్ చేరి, నారాలోనే ఉండిపోయి, 760లో అక్కడే కన్నుమూశాడు. ఆయన పట్టుకున్న కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వాటి కొసలు కింద చేరిన వాళ్లు పట్టుకున్నారు, ఆ పుణ్యంలో అందరికీ వాటా దక్కాలని. ఆ కుంచె, ఆ నీలి దారం ఇప్పటికీ షోసోయిన్ అనే రాజభాండాగారంలో భద్రంగా ఉన్నాయి. విగ్రహం వైరోచన బుద్ధుడిది, ఈ గుడి సంప్రదాయానికి ఆధారం అవతంసక సూత్రం. అందులోని గండవ్యూహ భాగంలో సుధనుడనే కుర్రవాడు గురువులను వెతుక్కుంటూ బయల్దేరేది దక్షిణాదిలోని ధన్యాకరం నుంచి. అది మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేనని చెప్పే పండితులున్నారు. ఈ సంగతులు ముందే అమ్మానాన్నలకు చెప్పండి. చెప్పకుండా తీసుకెళ్తే 'పెద్ద విగ్రహం' అని ఫోటో తీసుకుని వచ్చేస్తారు. చెప్పి తీసుకెళ్తే ఆ కళ్ల వైపు చూస్తారు.

నిజం చెప్పాలంటే ఇప్పుడున్న కళ్లు బోధిసేనుడు దిద్దినవి కావు. 1180లో ఒకసారి, 1567లో ఒకసారి యుద్ధాల్లో గుడి కాలిపోయింది. తల 17వ శతాబ్దం చివర్లో చేసింది. పీఠం మీది తామర రేకుల్లో కొన్ని మాత్రం మొదటివే, వాటి మీద సన్నటి గీతల్లో చెక్కిన బొమ్మలు కనిపిస్తాయి. విగ్రహం దాదాపు 15 మీటర్ల ఎత్తు. ఇప్పటి మండపం 1709 నాటిది, 57 మీటర్ల వెడల్పు. మొదటిది 86 మీటర్లు ఉండేది, తిరిగి కట్టేటప్పుడు తగ్గించాల్సి వచ్చింది. తగ్గాక కూడా గడప దాటగానే మాట ఆగిపోతుంది.

తొందరలో జనం దాటిపోయేవి మూడు ఉన్నాయి. మండపం ముందు ఎనిమిది ముఖాల కంచు దీపస్తంభం ఉంది, ఇది 8వ శతాబ్దానిదే, దాని పలకల మీద వాయిద్యాలు వాయించే బోధిసత్త్వులను చూడండి. లోపల ఒక స్తంభం మొదట్లో కన్నం ఉంటుంది, పెద్ద బుద్ధుడి ముక్కు రంధ్రమంత అంటారు, దూరి బయటికి వస్తే మంచిదని పిల్లలు వరసలో నిలబడతారు. మీ పాప హాయిగా పడుతుంది, పెద్దవాళ్లు ప్రయత్నించొద్దు. ఇక గుమ్మానికి పక్కన బయట వసారాలో ఎర్రటి గుడ్డ కప్పుకున్న చెక్క విగ్రహం ఉంటుంది. పేరు బింజురు, అంటే మన పిండోల భారద్వాజుడు, బుద్ధుడి శిష్యుడు. మనకు ఎక్కడ నొప్పిగా ఉంటే ఆయన ఒంట్లో అక్కడ తాకి, తర్వాత మన ఒంటి మీద అక్కడ తాకించుకోవాలి. నాన్నగారిని మోకాలు తాకమనండి. లోపల ఫోటోలు తీసుకోవచ్చు, చెప్పులు విప్పక్కర్లేదు. పాపకు చెప్పుల సంగతి వింతగా అనిపిస్తే, ఇక్కడి పద్ధతి అంతేనని చెప్పండి.

బయటికి వచ్చేది నందాయ్‌మోన్ అనే దక్షిణ ద్వారం కింది నుంచి. వెళ్లేటప్పుడు అందరూ జింకలను చూస్తూ దాటేస్తారు, మీరు వచ్చేటప్పుడు నిలబడి రెండు పక్కలా తల పైకెత్తండి. ఎనిమిది మీటర్లకు మించిన ఇద్దరు ద్వారపాలకులు ఉంటారు. 1203లో ఉన్‌కేయ్, కాయ్‌కేయ్ అనే శిల్పులు తమ బృందంతో 69 రోజుల్లో చెక్కారు. ఒకడు నోరు తెరిచి ఉంటాడు, ఒకడు మూసి. 'అ' నుంచి 'హూం' దాకా, అంటే ఆది నుంచి అంతం దాకా అని అర్థం. మన సంస్కృత వర్ణమాల చైనా మీదుగా ఇక్కడికి ఇలా నడిచొచ్చింది.

అప్పటికి ఒంటిగంట దాటుతుంది. తిండి గురించి మొహమాటం లేకుండా చెప్తాను. జపాన్‌లో కూరగాయల వంటకం అని కనిపించినదాన్ని నమ్మి తినకండి. ఊదోన్ నూడుల్స్ పులుసులో, మిసో సూప్‌లో, ఆఖరికి ఉడికించిన కూరలో కూడా దాషి ఉంటుంది, అది ఎండబెట్టిన చేపతో తీసిన రసం. నారా ప్రత్యేకత అని చెప్పే పెర్సిమన్ ఆకుపొట్లం, కకినోహా సుషి, అందులో ఉండేది చేపే. అడిగేటప్పుడు 'నికు తో సకానా వా తబెమాసెన్, దషి మో దమె దెసు' అనండి, అంటే మాంసం, చేప తినం, దాషి కూడా పనికిరాదు అని. కింతెత్సు స్టేషన్ చుట్టుపక్కల భారతీయ, నేపాలీ హోటళ్లు ఉన్నాయి, పెద్దవాళ్లకు వేడి అన్నం, పప్పు దొరుకుతాయి. బసలో వంటిల్లు ఉంటే పొద్దునే పులిహోర కలిపి తెచ్చుకోవడం ఇంకా నయం. మేం ఎప్పుడూ అదే చేస్తాం. డబ్బా మాత్రం జింకలు లేని చోటే తెరవాలి, పార్కు గడ్డి మీద కాదు.

భోజనం అయ్యాక కొఫుకుజీ. ఐదంతస్తుల గోపురం మరమ్మతుల కోసం పూర్తిగా కప్పేశారు, ఇంకా ఏళ్లు పడుతుంది, నిరాశపడకండి. మీరు చూడాల్సింది అక్కడి జాతీయ నిధుల ప్రదర్శనశాల. సాయంత్రం అయిదుకు మూసేస్తారు, కాబట్టి మూడింటికల్లా లోపల ఉండండి. ఇక్కడ 734లో చేసిన ఎనిమిది మంది ధర్మరక్షకుల విగ్రహాలు ఉన్నాయి. పేర్లు వినండి: కరురా, కిన్నరా, కెందత్సుబా, అషురా. గరుడుడు, కిన్నరుడు, గంధర్వుడు, అసురుడు. గరుడుణ్ణి ముక్కు చూసి మన పిల్లలు వెంటనే గుర్తుపడతారు. అసురుడి దగ్గర మాత్రం మనవాళ్లు తడబడతారు. మూడు ముఖాలు, ఆరు సన్నటి చేతులు, కోరలు లేవు. ముందున్న ముఖం కనుబొమలు ముడిచి బాధపడుతున్న కుర్రవాడిది. యుద్ధం చేసి చేసి విసిగి, బుద్ధుడి మాట విని మారుతున్న క్షణం అది. లక్కపూసిన గుడ్డతో లోపల బోలుగా చేసిన విగ్రహం కావడంతో తేలిక, ఎన్నిసార్లు గుడి కాలినా మోసుకుని బయటికి పరుగెత్తగలిగారు. ఫోటోలు తీయనివ్వరు, అది మంచిదే. పక్కన ఉత్తరపు అష్టకోణ మండపం ఏడాదిలో కొన్ని వారాలే తెరుస్తారు. మీరు వెళ్లిన రోజు తెరిచి ఉంటే వదలొద్దు. ఉన్‌కేయ్ చెక్కిన భారతీయ బౌద్ధ ఆచార్యులు అసంగుడు, వసుబంధుడు ఉండే చోటు అది.

అక్కణ్ణుంచి మెట్లు దిగితే సరుసవా చెరువు. గట్టు మీద బల్లల మీద కూర్చోవచ్చు. దగ్గర్లోనే నకతానిదో దుకాణంలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోలు రోకళ్లతో మోచి అనే జిగురు బియ్యపు ముద్ద దంచుతారు, ఒకరు దంచుతుంటే ఇంకొకరు రెప్పపాటులో చేయి పెట్టి పిండి తిప్పుతారు. అందులో కలిపే యొమొగి ఆకు మన వినాయకచవితి మాచిపత్రి జాతిదే, వాసన చూడగానే అమ్మగారికి తెలిసిపోతుంది. లోపల ఎర్ర గింజల తీపి ముద్ద, పైన వేయించిన సోయాపిండి. వేడిగా తినాలి, పెద్దవాళ్లు చిన్న ముక్కలుగా కొరకాలి, గొంతుకు అడ్డం పడే స్వభావం ఉంది.

రోజు విషయం. వీలైతే సోమవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లండి. అక్టోబరు చివర నుంచి నవంబరు రెండో వారం దాకా నారా జాతీయ మ్యూజియంలో షోసోయిన్ వస్తువుల ప్రదర్శన జరుగుతుంది, శని ఆదివారాల్లో ఊరు పోటెత్తుతుంది. నవంబరు 3 సెలవు, ఆ రోజు అసలు వద్దు. ఆ ప్రదర్శనకు టికెట్లు ముందుగా సమయం ఎంచుకుని కొనాలి. పెద్దవాళ్లతో, పాపతో ఆ రద్దీలోకి నేనైతే తీసుకెళ్లను. వాన పడితే మాత్రం నిగత్సుదో మెట్లు వదిలేసి, కసుగా నుంచి మళ్లీ టాక్సీలో తోదాయ్‌జీకి దిగిపోండి.

టికెట్ ఉన్న మూడు చోట్లా పెద్దవాళ్లకు మనిషికి వెయ్యి యెన్ల లోపే ఉంటుంది. నగదు ఉంచుకోండి, జింకల బిస్కెట్లకు కూడా అదే కావాలి. అక్టోబరు చివర అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది, చలి మొదలవుతుంది. స్వెటర్ సంచిలో వేసుకోండి.

హోర్యూజీ కలపొద్దని ఎందుకు అన్నానంటే, ప్రపంచంలో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పురాతనమైనవి అక్కడున్నాయి, వాటికి కనీసం మూడు గంటలు కావాలి. దాని ప్రధాన మండపం గోడల మీద అజంతాను తలపించే చిత్రాలు ఉండేవి, 1949 అగ్నిప్రమాదంలో చాలావరకు పోయాయి. ఇంకోసారి ఒసాకా వస్తే జేఆర్ రైల్లో నేరుగా హోర్యూజీ స్టేషన్‌కే వెళ్లండి, నారా దాకా పోనక్కర్లేదు. ఈసారికి ఆ మూడు గంటలు నిగత్సుదో వసారాలోనూ అసురుడి ముందూ ఖర్చుపెట్టండి. మీరు వచ్చే తేదీ, బస చేసే హోటల్లో వంటిల్లు ఉందో లేదో రాస్తే, పొద్దున రైలు వేళ, భోజనం ఏర్పాటు ఇంకా సరిగ్గా చెప్తాను.